డిస్నీ వరల్డ్‌లో అయిదో పార్కు ఖాయమైనట్టేనా?

ఖాయం కాలేదు, డిస్నీ వరల్డ్ ఉన్న అమెరికాలోని ఫ్లోరిడాలో స్థానిక పాలకమండలితో డిస్నీకి 2024లో కుదిరిన ఒప్పందం అయిదో పెద్ద థీమ్ పార్కు కట్టుకునే వీలు మాత్రమే ఇచ్చింది. పార్కుల విషయంలో ఆ ఒప్పందంలో రాసింది రాబోయే ఏళ్లలో ఎంతవరకు కట్టొచ్చన్న గరిష్ఠ హద్దు, అయిదోది కట్టి తీరతామన్న మాట కాదు. మన కోనసీమలో వరిచేలో ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేయిస్తే ‘ఇంకేం, ఇల్లు లేస్తోంది’ అనేస్తాం. శ్లాబు పడేది మాత్రం డబ్బు కుదిరాకే, ఒక్కోసారి ఆ మెరక మీద ఏళ్ల తరబడి గడ్డే పెరుగుతుంది.

‘అంత స్థలం ఉందిగా, కట్టేస్తారు’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అక్కడ దాదాపు 27,000 ఎకరాలు 1960ల్లోనే కొన్నారు. అయినా నాలుగో పార్కు యానిమల్ కింగ్‌డమ్ తెరిచింది 1998లో!