వరంగల్‌లో అడవి పుట్టగొడుగులు ఎప్పుడు చవకగా దొరుకుతాయి?

హన్మకొండ సూపర్ మార్కెట్లలో అడవి పుట్టగొడుగుల రేటు ఏ నెలలో తగ్గుతుందని అడిగారు. అక్కడ 200 గ్రాముల డబ్బాల్లో ఉండేవి బటన్ మష్రూమ్స్. చల్లటి గదుల్లో పెంచుతారు కాబట్టి ఏడాదంతా రేటు పెద్దగా మారదు. అడవివి ఆ సూపర్ మార్కెట్లదాకా రావు. పొద్దున ఏరినవి మర్నాటికే నల్లబడి జిగురెక్కుతాయి, ఏ షాపువాడు పెట్టుకుంటాడు? సాగు చేద్దామన్నా కుదరదు. చెదలు పుట్ట లోపల పెంచుకునే బూజు నుంచే అవి మొలుస్తాయి.

కావాలంటే ములుగు దాటాక తాడ్వాయి రోడ్డు పక్కన, లేదా నర్సంపేట నుంచి పాకాల వెళ్లే దారిలో చూడండి. మా అత్తగారి ఊరు అటే, వానాకాలంలో ఏటా కొంటాం. నెలను కాదు, వానను చూసుకోవాలి. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ చివర్లో, తొలి సరుకు దిగినప్పుడు కిలో వెయ్యి చెప్పినా బేరమాడకుండా పట్టుకెళ్తారు. జూలైలో వచ్చే పునర్వసు, పుష్యమి కార్తెల్లో నాలుగు రోజులు ముసురు పట్టి, ఆపైన కాస్త ఎండ పొడిస్తే విరగ మొలుస్తాయి. అప్పుడు ఐదారు వందలకు దిగుతుంది. వాన ముఖం చాటేసిందంటే వారంలోనే మళ్లీ పైకి. శ్రావణంలో మాత్రం సరుకు బాగున్నా రేటు అంతగా దిగదు, మాంసం మానేసిన ఇళ్లవాళ్లంతా వీటి కోసం వస్తారు.

పూటను బట్టి కూడా తేడా ఉంటుంది. పొద్దున్నే విచ్చని మొగ్గలుంటాయి, వాటికే ఎక్కువ ధర. మధ్యాహ్నానికి గొడుగు విచ్చి అంచులు చీలతాయి, సాయంత్రానికి కుప్ప వందకే ఇచ్చేస్తారు. ఆ రాత్రికే వండుకుంటామంటే అవి తీసుకోండి, కూర రుచి ఏం తగ్గదు. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమట పట్టి దారిలోనే పాడవుతాయి. టేకాకులోనో గుడ్డలోనో చుట్టించుకోండి.

తెల్లారకముందే లేచి అడవిలో పుట్టపుట్టా వెతికి తెచ్చే కోయ ఆడవాళ్ల దగ్గరే కొనమని నా మాట. అదే సరుకు చేతులు మారి హన్మకొండ చేరేసరికి రేటు బాగా పెరుగుతుంది, ఆ పెరిగింది వాళ్లకు దక్కదు. పైగా ఏది తినేదో, ఏది కాదో వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. పుట్ట మీదివైతే కాడ అడుగున వేరులా పొడుగ్గా సాగి ఉంటుంది, గొడుగు నడుమ మొనదేలి ఉంటుంది. ఆ గుర్తులొక్కటే చూసి మీరే ఏరుకోవద్దు. వెండి చెంచా నల్లబడితేనే విషమన్న మాటా నమ్మొద్దు. కొన్ని రకాల విషం ఉడికినా పోదు, తిన్న ఆరు గంటల తర్వాత గానీ వాంతులు మొదలవవు. ఏ మాత్రం తేడాగా అనిపించినా మిగిలిన కూర పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.