యజమాని సంతకం ఉన్నా సమ్మతి పూర్తికాకపోతే

ఆస్ట్రేలియాలో మీ చెట్ల కార్బన్ ప్రాజెక్టు (చెట్లలో కార్బన్ నిల్వచేసి క్రెడిట్లు పొందేది), భూయజమాని సంతకం పెట్టినా ఇంకా షరతులతోనే, అంటే హక్కుదారులందరి సమ్మతి అందాలన్న షరతుతోనే, రిజిస్టరై ఉందన్నారు. చాలావరకు కారణం తనఖా. భూమి మీద అప్పిచ్చిన బ్యాంకు కూడా హక్కుదారే, దాని సమ్మతి విడిగా కావాలి.

1. ప్రాజెక్టు హద్దులోని ప్రతి లాటుకూ (భూమి ముక్కకూ) తాజా టైటిల్ సెర్చ్, అంటే దాని మీద ఎవరికి ఏ హక్కు ఉందో చూపే రికార్డు, తీయండి. అందరూ వదిలేసేది ఇదే. మొదటి లాటు చూసి మిగతావీ అంతే అనుకుంటారు. నాలుగో లాటు మీద ఇంకో బ్యాంకు రెండో తనఖా బయటపడుతుంది. లాటు నంబరు, హక్కుదారు, సంతకం తేదీ ఒక పట్టికలో రాసుకోండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పని ఆగుతుంది.

2. ఈ ప్రాజెక్టులను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ క్లీన్ ఎనర్జీ రెగ్యులేటర్ ఆమోదించిన ఫారమే వాడండి. "మాకు అభ్యంతరం లేదు" అని బ్యాంకు రాసిన ఉత్తరం సరిపోదు.

3. సంతకం చేసినవారికి ఆ అధికారం ఉందో లేదో చూడండి.

4. బ్యాంకు వెనకాడేది చెట్లలోని కార్బన్‌ను 25 లేదా 100 ఏళ్లు నిలిపి ఉంచాలన్న బాధ్యత చూసి. భూమి అమ్మినా అది పోదు. దాచకుండా, మ్యాపుతో సహా ముందే చెప్పండి.

5. నేటివ్ టైటిల్ (ఆదివాసుల సంప్రదాయ భూహక్కు) ఉన్న భూమైతే ఆ ప్రజల సంస్థతో మాటలు అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. వాళ్లు కూర్చుని చర్చించి నిర్ణయించుకోవడానికి సమయం పడుతుంది, తొందరపెట్టకూడదు.