పడకగది మాట బాల్కనీ దాకా ఎందుకొచ్చింది?

ప్రశ్న: నా వయసు 26. పెళ్లై పదకొండు నెలలు. మావి ఏలూరు దగ్గర పల్లెలు, ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో వేరు కాపురం ఉంటున్నాం. ఇంతవరకూ మా మధ్య కలయిక జరగలేదు. ఆయన దగ్గరికి తీసుకుంటే ఇష్టంగానే ఉంటుంది. తీరా ఆ సమయానికి తొడలు వాటంతటవే బిగుసుకుపోతాయి. గోడ అడ్డం వచ్చినట్టు ఆగిపోతుంది, ఒకటే మంట. నెలసరి సక్రమంగానే వస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు, ఏనాడూ బలవంతపెట్టలేదు. కాకపోతే జరిగిందంతా వాళ్లమ్మగారికి చెప్పేస్తారు. పొద్దున్నే ఆవిడ ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి, ‘లేదమ్మా, నిన్నా అంతే’ అంటారు. వంటింట్లో కాఫీ కలుపుతున్న నాకు వినబడుతూనే ఉంటుంది. చిన్న ఆపరేషన్ చేయిస్తే దారి తెరుచుకుంటుందని అత్తయ్య అంటున్నారు. ఏడాదిలోపు తేలకపోతే సంసారానికి పనికిరాదని పెద్దమనుషుల్లో పెడతారట. మా అమ్మేమో సర్దుకుపొమ్మంటోంది. ఆయన నిజంగా చెడ్డవాడు కాదు. ఆపరేషన్ చేయించుకోనా, లేక విడాకులిచ్చి ఇంకో పెళ్లి చేసుకోమని నేనే చెప్పేయనా?

జవాబు: రెండూ వద్దు. ఆయనకి ఇంకో సంబంధం చూసిపెట్టే పని మీది కాదు. ఆ మాట ఇక ఎత్తకండి.

ఇంత చిన్న ఉత్తరంలో ‘ఆయన చెడ్డవాడు కాదు’ అని రెండుసార్లు రాశారు. ఎవరికి నచ్చజెబుతున్నారమ్మా? ఆయన మంచి కొడుకే, అందులో అనుమానం లేదు. పెళ్లైన ఏడాదికి ‘ఏమన్నా విశేషమా’ అని అడగని అత్తగారు మన ఊళ్లలో ఉండరు, ఆవిడ అడగడం వింత కాదు. ఆ ప్రశ్నకి రాత్రి జరిగింది జరిగినట్టు అప్పజెప్పడమే తప్పు. మీ బాధకి మూలం మీ ఒంట్లో సగమే ఉంది. మిగతా సగం ఆ బాల్కనీలో ఉంది. రేపు పొద్దున ఫలితం చెప్పాలని తెలిసినప్పుడు రాత్రి పక్క పరీక్ష హాలైపోతుంది. పరీక్ష హాల్లో ఏ కండరమూ వదులు కాదు.

ముందు ఒంటి సంగతి. మీరు రాసిన లక్షణాలు వజైనిస్మస్ అనే ఇబ్బందికి సరిపోతున్నాయి. కంట్లో చుక్కల మందు వెయ్యబోతే రెప్ప దానంతటదే మూసుకుంటుంది కదా, మీరు మూయమని చెప్పరు. యోని చుట్టూ, కటి భాగం అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలు కూడా అలాగే నొప్పి వస్తుందన్న భయంతో బిగుసుకుంటాయి. బిగుసుకున్నప్పుడు ప్రయత్నిస్తే నిజంగానే నొప్పి పుడుతుంది. దాంతో మర్నాడు భయం ఇంకా పెరుగుతుంది. ఇది మీరు కావాలని చేస్తున్నది కాదు, ఆయనంటే ఇష్టం లేక జరుగుతున్నదీ కాదు.

ఇక ఆపరేషన్. కన్నెపొర పూర్తిగా మూసుకుపోయి ఉంటే నెలసరి రక్తం బయటికే రాదు. మీకు సక్రమంగా వస్తోందంటే దారి ఉంది. అరుదుగా పొర మందంగా ఉండటమో, మధ్యలో అడ్డుగోడలా కండ ఉండటమో జరుగుతుంది. అప్పుడు ఆపరేషన్ అవసరమే. ఆ సంగతి గైనకాలజిస్టు చూసి తేల్చాలి, అత్తగారు కాదు. బిగుసుకునేది కండరమైతే పొర కోసినా బిగుతు పోదు, పైగా కుట్ల నొప్పి ఇంకో భయాన్ని తెచ్చిపెడుతుంది.

డాక్టర్ దగ్గరికి మీరిద్దరే వెళ్లండి. కూర్చోగానే ‘లోపల పరీక్ష అంటే నాకు భయం, నేను ఆపమంటే ఆపాలి’ అని చెప్పండి. మొదటిసారి పైపైన చూస్తే చాలు. దూదిపుల్ల బయట తాకించినా మండుతోందా, దురద గానీ పెరుగు విరిగినట్టు తెల్లబట్ట గానీ ఉందా అన్నది చూస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దానికి మందు వాడాలి. ‘రెండు పెగ్గులు తాగి పడుకో, అదే సర్దుకుంటుంది’ అనే డాక్టర్లూ ఉన్నారు. అలాంటివాళ్లు తగిలితే ఫీజు పోయిందనుకుని లేచి వచ్చేయండి. కటి కండరాలకి చికిత్స చేసే ఫిజియోథెరపిస్టులు హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ల దగ్గరికి రాయించుకోండి.

ఇంట్లో చెయ్యాల్సిన సాధన ఇది. మూత్రం ఆపుకోవడానికి వాడే కండరాలే ఇవి. పడుకుని వాటిని ఐదు సెకన్లు బిగించి, పది సెకన్లు వదిలెయ్యండి. ఇలా పదిసార్లు. మీకు కావలసింది ఆ వదిలే పది సెకన్లు. నెట్‌లో చూసి బిగించడం మాత్రమే చేస్తే ఉన్న ఇబ్బంది ఎక్కువవుతుంది. ఊపిరి పొట్టలోకి నిండుగా తీసుకున్నప్పుడు కింది కండరాలు కిందికి జారినట్టు తెలుస్తుంది. ఆ తెలియడం వచ్చాకే తర్వాతి మెట్టు.

గోళ్లు కత్తిరించుకుని, నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్లీ రాసుకుని మీ చిటికెన వేలితో మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. యోని దారి నిటారుగా పైకి ఉండదు, వెనక్కి, నడుము కింది ఎముక వైపు వాలి ఉంటుంది. చాలామంది నేరుగా పైకి తోసి, గోడ తగిలిందనుకుంటారు. బిగించి వదిలి, వదిలినప్పుడే ఒక కణుపు మేర పోనివ్వండి. అది అలవాటయ్యాక డైలేటర్లు. మెత్తని సిలికాన్‌తో చేసిన నున్నటి కడ్డీల్లాంటివి ఇవి, చిటికెన వేలంత సన్నం నుంచి మొదలై వరసగా లావవుతూ సెట్‌గా దొరుకుతాయి. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ పది పదిహేను నిమిషాలు. ఒక సైజు మంట లేకుండా వరసగా మూడుసార్లు వెళ్లాకే పై సైజుకి మారాలి. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి. కొవ్వొత్తులూ కూరగాయలతో ప్రయోగాలు చెయ్యొద్దు. కొబ్బరినూనె కండోమ్‌తో కలిపితే రబ్బరు చిరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, రెండు వారాలు బాగా సాగగానే ‘ఇవాళ చూద్దామా’ అని ఆయన అడుగుతారు. మీరు కాదనలేక ఒప్పుకుంటారు. మళ్లీ మొదటికొస్తుంది. అందుకని సాధన పూర్తయ్యేవరకూ అసలు ప్రయత్నం లేదని ఇద్దరూ ముందే అనుకోండి. ముద్దులూ కౌగిలింతలూ మానక్కర్లేదు, అవే కావాలి. రాత్రి గండం లేదని తెలిస్తేనే శరీరం ఆయన స్పర్శని మళ్లీ ఆనందిస్తుంది. పెద్ద సైజు సులువుగా వెళ్తున్నప్పుడు ఆయన్ని వెల్లకిలా పడుకోమని, మీరు పైన ఉండి, చేత్తో పట్టుకుని మీకు వీలైనంత మేరకే తీసుకోండి. ఆయన కదలకూడదు. కొందరికి ఆరు వారాలు, కొందరికి ఆరు నెలలు పడుతుంది. అత్తగారి కాలెండర్ ప్రకారం కండరాలు నడవవు. ఈలోగా ఆయనకీ బెరుకు పట్టి అంగస్తంభన తగ్గొచ్చు, పదకొండు నెలల ఓటమి మగవాడి మీదా పనిచేస్తుంది. అదీ డాక్టర్‌కి చెప్పాల్సిందే. చిత్రమేమిటంటే, అప్పుడు మాత్రం ఆ సంగతి బాల్కనీ దాటదు.

పెద్దమనుషుల బెదిరింపు గురించి రెండు ముక్కలు. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 12 ప్రకారం ఎదుటివారి అశక్తత వల్ల కలయిక జరగని పెళ్లిని రద్దు చేయమని కోర్టుకి వెళ్లొచ్చు. తేల్చాల్సింది సాక్ష్యాలు చూసి కోర్టు, రచ్చబండ కాదు. ‘పనికిరాదు’ అని ఎవరు రాసిచ్చిన కాగితం మీదా సంతకం పెట్టకండి. డాక్టర్ చీటీలు, ఫిజియోథెరపీ రసీదులు తేదీలవారీగా దాచుకోండి. సూటిపోటి మాటలతో అవమానించడం 2005 నాటి గృహ హింస చట్టం కిందికి కూడా వస్తుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. ఇవాళే చెయ్యమనను, నంబరు మాత్రం దగ్గరుంచుకోండి.

మీ అమ్మగారు ‘సర్దుకుపో’ అనేది మీరు మొండికేస్తున్నారనుకుని కావచ్చు. ఇది జబ్బనీ, వైద్యం ఉందనీ ఆవిడకి ఒక్క వాక్యంలో చెప్పండి, చాలు.

ఇప్పుడు అసలు పని. ఆదివారం మధ్యాహ్నం, పక్క మీద కాదు, భోజనాల బల్ల దగ్గర ఆయనతో మాట్లాడండి. ‘మీరు ఫోన్లో చెప్పేదంతా నాకు వినిపిస్తోంది. నాకు సిగ్గుగా ఉంది, ఆ సిగ్గుతోనే రాత్రి బిగుసుకుపోతున్నాను’ అనండి. ఏడవకుండా చెప్పలేకపోతే ఏడుస్తూనే చెప్పండి. అత్తగారితో మీరు పోట్లాడొద్దు, ఎదురు చెప్పొద్దు. ఆవిడకి గీత గీయాల్సింది ఆవిడ కొడుకు. ఆయన చెప్పాల్సింది కూడా పెద్దగా లేదు: ‘డాక్టర్‌కి చూపించుకుంటున్నాం అమ్మా, ఇద్దరం. ఇంక ఈ సంగతి నన్ను అడగకు.’ ‘ఇద్దరం’ అన్న మాట ఆయన నోటి నుంచి రావాలి. ఆ మాట అనడానికి ఆయన వెనకాడితే డైలేటర్లకి డబ్బు పెట్టకండి. ముందు ఆయన్ని వెంటబెట్టుకుని దంపతుల కౌన్సెలింగ్‌కి వెళ్లండి. అనేస్తే మాత్రం సోమవారమే గైనకాలజిస్టు దగ్గర ఇద్దరి పేర్లతో అపాయింట్‌మెంట్ తీసుకోండి. మర్నాడు ఫోన్ మోగినప్పుడు ఆయన హాల్లోనే, మీ ఎదుటే కూర్చుని మాట్లాడమనండి.