భూకంపాల లైన్‌కి వెళ్లాలంటే ఫిజిక్స్ పనికొస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు, బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు భూకంపానికి మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. నేల ఊగడాన్ని ఎలా కొలుస్తారా అని అప్పటినుంచి అదే ధ్యాస. నాన్న బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: చూడమ్మా, ముందు నీ ధ్యాస సంగతి. బస్సు సడన్ బ్రేక్ వేస్తే మనం ముందుకు తూలుతాం కదా, నేల ఊపును కొలిచే యాక్సెలరోమీటర్ పనంతా ఆ తూలుడు మీదే. లోపల చిన్న బరువు ఉంటుంది, నేలతో పాటు డబ్బా కదిలినా అది ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. భూకంప కేంద్రాల్లో పెట్టే మేలు రకంలో కాయిల్‌కి కరెంట్ పంపి ఆ బరువును కదలకుండా పట్టి ఉంచుతారు, ఎంత కరెంట్ పట్టిందన్న దాన్నిబట్టే నేల త్వరణం, అంటే దాని వేగం ఎంత చురుగ్గా మారుతోందన్నది, తెలుస్తుంది. నీ ఫోన్‌లోనూ సిలికాన్‌తో చేసిన బుల్లి రకం ఒకటుంది. ఫోన్‌ని బల్లమీద పడుకోబెట్టి సెన్సర్ యాప్ తెరువు, కదలకపోయినా 9.8 చూపిస్తుంది. ఎందుకో నోట్‌బుక్‌లో నువ్వే రాయి.

చిన్న కదలికల్ని కూడా పట్టే సున్నితమైన సీస్మోమీటర్ ఉండగా ఈ యాక్సెలరోమీటర్ ఎందుకు అంటావేమో. పక్కనే పెద్ద భూకంపం వస్తే సీస్మోమీటర్ కొలత హద్దు దాటిపోతుంది, గీత పైనా కిందా తెగిపోతుంది. యాక్సెలరోమీటర్ అలాంటి ఊపునీ పట్టుకుంటుంది. 1967 డిసెంబర్ 11న వచ్చిన భూకంపంలో మహారాష్ట్రలోని కోయ్నా డ్యామ్ లోపలున్న అలాంటి పరికరం గురుత్వ త్వరణంలో 63 శాతం దాకా ఊపు నమోదు చేసింది. డ్యామ్‌లు భూకంపాన్ని ఎలా తట్టుకుంటాయో లెక్కగట్టే ఇంజినీర్లు ఇప్పటికీ ఆ రికార్డు తీస్తారు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. త్వరణం నుంచి నేల ఎంత జరిగిందో రాబట్టాలంటే రెండుసార్లు ఇంటిగ్రేట్ చేయాలి, సున్నా గీత వెంట్రుకవాసి పక్కకుపోయినా చివరికి నేల ఎన్నో మీటర్లు జరిగినట్టు తప్పుడు లెక్క వస్తుంది. కాబట్టి ఇలాంటి లెక్కలు కంప్యూటర్‌లో చేయడానికి ఈ సెలవుల్లోనే పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టు, ఫోన్ డేటా మీదే ప్రాక్టీస్ చెయ్యి.

ఇక చదువు. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) పీజీ ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినా యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్ట్ పోస్టుకి రాయొచ్చు. నెట్ పరీక్షలో పరిశోధనకిచ్చే ఫెలోషిప్ వస్తే హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐలో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. పోస్టులు తక్కువ, పోటీ గట్టిది, ఈ మాట నాన్నగారికి దాచకుండా చెప్పు. బీఈడీ పీజీ అయ్యాక కూడా చేయొచ్చు, అదీ చెప్పు. నన్నడిగితే ఈ ఏడాది పీజీ ఎంట్రన్స్ రాయాల్సిందే.