బిట్‌కాయిన్ మైనింగ్ సైట్ దగ్గర ఇల్లు కొనొచ్చా?

టెక్సస్‌లో ఎకరం స్థలంతో ఇల్లు నచ్చింది, మైలు లోపే బిట్‌కాయిన్ మైనింగ్ సైట్ (బిట్‌కాయిన్ల కోసం వేల కంప్యూటర్లు నడిపే చోటు) ఉంది, కానీ జులైలో ఆఫీసయ్యాక వెళ్తే ఏ చప్పుడూ లేదు, కొనొచ్చా అని అడిగారు. మీరు వెళ్లిన టైమే తప్పండి. ఎండాకాలం సాయంత్రాలు ఇక్కడ గ్రిడ్ మీద లోడు బాగా ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ప్రతి నెలా లోడు తారాస్థాయికి చేరిన పావుగంటలో ఎంత కరెంటు వాడారో చూసి తర్వాతి ఏడాది ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు (కరెంటు లైన్ల ఖర్చు) వేస్తారు, పైగా ఆ టైముకి కరెంటు రేటూ మండిపోతుంది, అందుకే మైనింగ్ వాళ్లు మెషీన్లు ఆపేసి కూర్చుంటారు. మళ్లీ రాత్రికి మొదలు.

మేము ఇల్లు కొన్నాక మా దగ్గరా ఒకటి వచ్చింది. ఒక్కో మెషీన్ ఫ్యాన్ల దగ్గర నిలబడితేనే సుమారు 75 డెసిబెల్స్, అలాంటివి వేలల్లో ఉంటాయి. ఊళ్లో రైస్ మిల్లు పక్కన ఉన్నా పొద్దుగూకితే మిల్లు ఆగుతుంది, దీనికి ఆ మర్యాద లేదు. కిటికీలకి డబుల్ గ్లాస్ వేయించాం, ఈల లాంటి మోత తగ్గింది, లోతుగా గుయ్యిమనే హోరు మాత్రం గోడల్లోంచి వస్తూనే ఉంది. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎవరింట్లో మోటారు ఆపలేదురా అని రోజూ అడిగేవారు. ఫోన్ యాప్‌లో కొలిచి ధైర్యం తెచ్చుకోకండి, మామూలుగా వాడే ఏ-వెయిటింగ్ కొలత ఈ లోతు శబ్దాల్ని తగ్గించి లెక్కేస్తుంది. వాటిని అంతగా తగ్గించని సీ-వెయిటింగ్ ఉన్న మీటర్ కావాలి.

కంప్లైంట్ ఇద్దాంలే అనుకుంటున్నారేమో. టెక్సస్ చట్టం ప్రకారం అధికారి హెచ్చరించాక కూడా 85 డెసిబెల్స్ దాటితేనే అది మితిమీరిన శబ్దంగా భావిస్తారు, శిక్ష కూడా 500 డాలర్ల లోపు జరిమానా. మా ఇంటికొచ్చిన డెప్యూటీ (కౌంటీ పోలీసు) పాపం మర్యాదగానే మాట్లాడాడు, 85 దాటలేదని మీటర్ చూపించి వెళ్లిపోయాడు. సిటీ హద్దు బయట కౌంటీకి జోనింగ్ అధికారం, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే అధికారం, దాదాపు లేదు. హుడ్ కౌంటీలో గ్రాన్‌బరీ దగ్గర ఇదే గొడవ మీద జనం 2024లో కోర్టుకెళ్లారు, సొంతంగా రూల్స్ పెట్టుకోవడానికి తమ ప్రాంతాన్నే సిటీగా మార్చుకుందామని 2025 నవంబర్‌లో ఓటింగ్ దాకా వెళ్లారు, అదీ ఓడిపోయింది.

కాబట్టి రాత్రి పదకొండు తర్వాత, గాలి సైట్ వైపు నుంచి వీచే రోజు చూసుకుని వెళ్లండి. బెడ్‌రూమ్‌లో ఏసీ ఆపించి పావుగంట కూర్చోండి, రియల్టర్ విసుక్కున్నా సరే. మెషీన్లని ద్రవంలో ముంచి చల్లబరిచే సైట్ అయితే మోత కొంత తక్కువ, అదీ కనుక్కోండి. ఇంకోటి, సైట్ పక్కన ఖాళీ స్థలం కూడా ఆ కంపెనీదేనా అని కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైట్‌లో చూడండి, మా దగ్గర మొదట పెట్టింది సగమే, మిగతా మెషీన్ల కంటైనర్లు తర్వాత దిగాయి.