గూడ జారింది... సీజన్ ఆడాలా, ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. టెక్సస్‌లో కాలేజీ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, లైన్‌బ్యాకర్ (ఎదుటి ఆటగాళ్లని ఢీకొట్టి పడేసే స్థానం). సెప్టెంబరులో ట్యాకిల్ చేస్తుంటే ఎడమ గూడ ముందుకి జారింది. ట్రైనర్లు వెంటనే సరిచేశారు. ఎంఆర్ఐలో లేబ్రం చిరిగిందని తేలింది. బ్రేస్ వేసుకుని సీజన్ ఆడేసి, తర్వాత ఆపరేషన్ చేయించుకుంటానంటున్నాడు. ఆగితే చెయ్యి పాడవుతుందా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: ఆగొచ్చో లేదో ముందు ఎముకని చూసి చెప్పాలి. భుజం గిన్నె లోతు తక్కువ. దాని అంచు చుట్టూ కుక్కర్ గాస్కెట్‌లా ఉండే పట్టీయే లేబ్రం. గూడ ముందుకి జారినప్పుడు అది అంచు నుంచి ఊడిపోతుంది, చాలాసార్లు సరైన చోట అతుక్కోదు. ఈ వయసులో గూడ మళ్లీ మళ్లీ జారేది అందుకే. జారినప్పుడల్లా గిన్నె ముందంచు ఎముక కూడా విరగొచ్చు, అరగొచ్చు. ఆ నష్టం 20 శాతం దాటితే పట్టీని కుడితే చాలదు. పక్కనున్న కోరకాయిడ్ ఎముక ముక్కని కోసి గిన్నె అంచుకి స్క్రూలతో బిగించాలి. దాన్ని లాటర్జే అంటారు, చాలా పెద్ద ఆపరేషన్. కాబట్టి త్రీడీ సీటీ తీయించి ఎముక కొలత అడగండి.

ఎముక బాగుంటే ఆడొచ్చు, కానీ లెక్క తెలిసి ఆడాలి. ఇలా గూడ జారిన 45 మంది కాలేజీ ఆటగాళ్లపై 2014లో వచ్చిన అధ్యయనంలో 33 మంది అదే సీజన్లో మైదానంలోకి వెళ్లారు. మళ్లీ ఇబ్బంది రాకుండా సీజన్ ముగించింది మాత్రం 12 మందే. నొప్పి లేకుండా చెయ్యి పూర్తిగా లేవాలి, బలం కుడి చేతితో సమానంగా ఉండాలి. అప్పుడే బ్రేస్‌తో దింపాలి. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి మాత్రం దింపొద్దు! ఇంకోసారి జారితే సీజన్ అక్కడితో ఆపేయాలి. భుజం బయటివైపు చర్మం మొద్దుబారితే నరానికి దెబ్బ తగిలి ఉండొచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

ఇక తేదీ. కెమెరాతో చేసే ఆపరేషన్లో దారం ఉన్న మేకుల్లాంటి చిన్న యాంకర్లు, సాధారణంగా మూడు లేదా ఎక్కువ, ఎముకలోకి దించి పట్టీని కుడతారు. 4 నుంచి 6 వారాలు స్లింగ్, నిద్రలో కూడా. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఢీకొట్టే ఆటకి 5, 6 నెలలు పడుతుంది. డిసెంబరులో చేయిస్తే జూన్ కల్లా సిద్ధమవుతాడు, సీజన్‌కి ముందు జరిగే ఆగస్టు క్యాంపు దక్కుతుంది. ‘స్ప్రింగ్ ప్రాక్టీసు కూడా చూసుకుని ఏప్రిల్లో’ అంటే ఒప్పుకోకండి, తర్వాతి సీజన్ మొదలే పోతుంది.

ప్రశ్న: నేను అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్సివ్ లైన్‌లో (ఎదుటివాళ్లని చేతులతో నెట్టి అడ్డుకునే వరుస) ఆడతాను. గూడ ఎప్పుడూ జారలేదు, కానీ బెంచ్ ప్రెస్ చేస్తే భుజం వెనక లోపల నొప్పి. ఎందుకు?

జవాబు: బ్లాక్ చేసేటప్పుడు చాచిన చేతుల మీద పడే బరువు గూడని వెనక్కి నెడుతుంది. అలా వెనక లేబ్రం చిరుగుతుంది. మామూలు ఎక్స్‌రేలో కనిపించదు, కీలులోకి డై ఎక్కించి ఎంఆర్ఐ తీయించాలి. బెంచ్ ప్రెస్, పుషప్స్ ఆపి రోయింగ్ (బరువుని ఒంటివైపు లాగే వ్యాయామం) పెంచితే చాలామంది సీజన్ ముగించగలుగుతారు. ఆపరేషన్ పడితే చేతిని పొట్టకి అడ్డంగా కట్టరు, దిండున్న స్లింగ్‌లో ముందుకి చూసేలా ఉంచుతారు. బెంచ్ ప్రెస్ అన్నిటికంటే చివర మొదలుపెట్టాలి.