ముసలి స్టార్లతో టీం నింపే ముందు ఒక్కసారి ఆగు చిన్నా

ఒరేయ్ చిన్నా, నువ్వు పంపిన లిస్ట్ చూశా. మీ ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో, అదే నిజం ప్లేయర్లని ఎంచుకుని వాళ్ళ ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీలో, తీసుకున్న ప్లేయర్లని ఏళ్ళ తరబడి ఉంచుకోవాలి అన్నావు కదా, అలాంటి దాంట్లో సగం మంది 33 దాటినోళ్ళేంట్రా? పేర్లు చూసి నాకూ ముచ్చటేసింది, కానీ ఫిలడెల్ఫియాలో ఉండి నేను కళ్ళారా చూసింది నీకు చెప్పకపోతే మనసు ఊరుకోదు.

మా ఊరి టీం ఫిల్లీస్ 2008లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, కొట్టారు, ఆ ఊపులో 2010లో మా ఫస్ట్ బేస్ ఆటగాడు ర్యాన్ హోవర్డ్‌కి ఐదేళ్ళకి 125 మిలియన్ డాలర్లు రాసిచ్చారు, పాత కాంట్రాక్ట్ ఇంకా ఉండగానే, అప్పటికే అతనికి 30. 2011లో 102 మ్యాచ్‌లు గెలిచాం, ఇంక మాకు ఎదురే లేదనుకున్నాం, చివరికి ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) కార్డినల్స్ అనే టీం మీద 1-0తో ఓడిన రోజు ఆఖరి అవుట్ హోవర్డే, ఫస్ట్ బేస్ వైపు పరిగెడుతూ మడమ దగ్గర అకిలిస్ టెండన్ తెగి అక్కడే పడిపోయాడు. నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. ఆ కొత్త కాంట్రాక్ట్ మొదలయ్యింది ఆ తర్వాత ఏడాది! మిగతా స్టార్లు అట్లీకి మోకాళ్ళు, పిచర్ (బంతి విసిరేవాడు) హాలడేకి భుజం, అందరికీ ఒకేసారి పాడయ్యాయి. 2015కి 99 ఓటములు. మళ్ళీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2022లోనే.

మన నిమ్మతోట గుర్తుందా, తాతయ్య చెట్లన్నీ ఒకే ఏడు పెట్టాడు, కాపు కూడా అన్నిటికీ కలిసే పడిపోయింది. ఇదీ అంతే రా. ఒక్కడు తగ్గితే సర్దుకోవచ్చు, ఆరుగురు తగ్గితే కొనేవాడు ఉండడు, ఈలోపు కుర్రాళ్ళకి ఛాన్స్ ఇవ్వలేదు కాబట్టి వెనక ఎవరూ తయారై ఉండరు.

అలాగని పెద్దవాళ్ళని అసలు తీసుకోవద్దనట్లేదు. ఆల్బర్ట్ పుహోల్స్‌నే చూడు, ఏంజెల్స్ టీం పదేళ్ళకి 240 మిలియన్ డాలర్లు ఇచ్చి అతని చుట్టూ టీం కట్టారు, ఆ పదేళ్ళలో ప్లేఆఫ్స్ ఒక్కసారే, 2014లో, అదీ మూడు మ్యాచ్‌లూ ఓడి వచ్చారు. అదే మనిషి 2022లో 42 ఏళ్ళకి కార్డినల్స్‌కి ఒక్క ఏడాది కాంట్రాక్ట్ మీద వచ్చి, ముఖ్యంగా లెఫ్ట్ హ్యాండ్ పిచర్ల మీద చెలరేగి 24 హోమ్ రన్లు (మన క్రికెట్‌లో సిక్స్ లాంటివి) కొట్టాడు, కెరీర్ మొత్తంలో 700 దాటాడు. మనిషి అదే, వాడుకున్న తీరు వేరు.

అందుకని ఆ ఆరుగురు పెద్దోళ్ళలో ఇద్దర్ని ఉంచుకో, అది కూడా పరుగు తక్కువుండే ఫస్ట్ బేస్ లాంటి చోట. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు), షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్)లకి మాత్రం కుర్రాళ్ళే కావాలి, అక్కడ మోకాళ్ళు ఆగవు. హోమ్ రన్ల లెక్క ఒక్కటే చూడకు, గత రెండేళ్ళలో ఎన్ని రోజులు ఇంజరీ లిస్ట్‌లో (గాయంతో ఆడకుండా) ఉన్నాడు, ఫాస్ట్‌బాల్‌కి ఎన్నిసార్లు బ్యాట్ లేటవుతోంది అవి చూడు. మిగతా నలుగుర్ని బాగా ఆడుతున్నప్పుడే ట్రేడ్ చేసెయ్, ఎవరైనా 23 ఏళ్ళ పిల్లాడు దొరికితే ఒకరిద్దర్ని కలిపి ఇచ్చినా పర్లేదు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్, లిస్ట్ ముందు పెట్టుకుని ఒక్కొక్కళ్ళనీ చూద్దాం.

మీ బాబాయ్